మూడో సెట్టు

కోర్టు ప్రహరీగోడను ఆనుకుని ఒక జెరాక్స్ దుకాణం ఉంది. దాని గుమ్మం పక్కన, ఒక కాలు కురచైన బల్ల వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్న ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. బల్ల కాలికింద మడిచిన అట్టముక్క, బల్ల మీద ఒకప్పుడు టైపు మిషను, ఇప్పుడు కంప్యూటరు. అర్జీలు, అద్దె కాగితాలు, పేరు మార్పిడి ప్రకటనలు ఏవైనా టైపు చేస్తుంది. అందరూ ఆమెను తారీఖులమ్మ అంటారు. ముఖం మీదే అంటారు. ఆమెకు కోపం రాదు. కోపాన్ని దేనికోసం దాచుకోవాలో ఆమెకు బాగా తెలుసు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరైనా ఆడపిల్ల వచ్చి బల్ల ముందు కూర్చుని, "ఒకతను నా వెంట పడుతున్నాడండీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, జెరాక్స్ దుకాణదారు అయ్యో పాపం అంటూ మంచినీళ్ళ సీసా అందిస్తాడు. తారీఖులమ్మ మాత్రం తెర మీది నుంచి చూపు తిప్పకుండా "ఏ తారీఖున?" అంటుంది.

"చాలా రోజుల్నుంచండీ."

"చాలా రోజులంటే తారీఖు కాదమ్మా. మొన్న ఎప్పుడు కనిపించాడు? గంటెంత? ఎక్కడ? పక్కన ఎవరున్నారు?"

ఆ పిల్ల బిక్కమొహం వేస్తుంది. రాతిగుండె మనిషి అని చూసేవాళ్ళు అనుకుంటారు. అనుకోనీ. తారీఖులమ్మ సొరుగులోంచి వంద పేజీల రూళ్ళ పుస్తకం తీసి, స్కేలు పెట్టి ఐదు గడులు గీస్తుంది. తారీఖు, గంట, చోటు, వాడేం చేశాడు, ఎవరు చూశారు. "భయమేసింది, ఏడుపొచ్చింది, వీటికి ఇందులో గడి లేదు. అవి నాకు చెప్పు, ఎంతసేపైనా వింటా. పుస్తకంలో మాత్రం ఇవే రాయి. ఏదీ వదలొద్దు. చిన్నదనుకున్నదే రేపు పనికొస్తుంది" అంటుంది. పుస్తకం నిండాక ఆ పిల్లతో పాటు తనే స్టేషనుకు వెళుతుంది. ఆమె గడపలో కాలు పెట్టగానే అక్కడి రైటరుకు కడుపునొప్పి మొదలవుతుందని జెరాక్స్ దుకాణదారు జోకు. అర్జీ మీద 'అందినది' అని ముద్ర పడేదాకా ఆమె బెంచీ మీంచి లేవదు. మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా అక్కడే విప్పుతుంది.

నలుగురైదుగురు వెధవలు ఆ పుస్తకాల బరువు చూసే తోక ముడిచిన మాట నిజం. మిగతా పుస్తకాలు స్టేషను బీరువా అడుగున ఉన్నాయి. వాటిని ఎవరూ తెరిచి చూడలేదని ఆమెకు తెలుసు. తెలిసీ రాయించేది. రాసిన పిల్ల నడక మారేదని, అడుగుతున్నప్పుడు తడబడకుండా జవాబు చెప్పేదని, అదే చాలని అనుకునేది.

ఈ పిచ్చి ఎందుకు పట్టుకుందో తెలియాలంటే ఆమె చెల్లెలి సంగతి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఆ చెల్లెలు పందొమ్మిదేళ్ళ పిల్ల. రోజూ సాయంత్రం టైపు నేర్చుకోవడానికి వెళ్ళేది. ఒకడు సైకిలు మీద వెనకాలే వచ్చేవాడు. ముట్టుకోలేదు, తిట్టలేదు. వచ్చేవాడు, అంతే. వాన పడితే గొడుగు పట్టుకుని మరీ వచ్చేవాడు. అలా ఏడాది గడిచాక అక్క ఆ పిల్ల చేయి పట్టుకుని స్టేషనుకు లాక్కెళ్ళింది. అక్కడి పెద్దమనిషి పెన్ను మూత తీసి, "ఏ రోజొచ్చాడమ్మా?" అని అడిగాడు.

"రోజూ వస్తాడండీ."

"రోజూ అనే రోజు మా క్యాలెండర్లో లేదే" అన్నాడు ఆయన.

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. ఆ నవ్వు విని ఇంటికొచ్చిన చెల్లెలు ముందు టైపు మానేసింది. తర్వాత కొట్టుకు వెళ్ళడం, ఆ తర్వాత బట్టలారేయడానికి డాబా ఎక్కడం మానేసింది. సైకిలువాడు రెండేళ్ళకు ఎవరినో పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, బొజ్జ పెంచుకున్నాడు. చెల్లెలికి ఇప్పుడు యాభై ఏళ్ళు. భర్త పోయిన, పిల్లల్లేని అక్క దగ్గరే ఉంటుంది. వెనక గదిలో పీట మీద కూర్చుని, దర్జీ దుకాణానికి చొక్కాల కాజాలు కుట్టిపెడుతుంది. మూట అక్కే తెస్తుంది, అక్కే తీసుకెళుతుంది. తప్పు చేసినవాడికి ఒక్కరోజు కూడా పడని శిక్ష ఈవిడకు యావజ్జీవం పడింది. ఆ రోజు నాకు నాలుగు తారీఖులు గుర్తుంటే చాలు కదా అని అక్క ఇప్పటికీ పళ్ళు నూరుకుంటుంది.

కళ్ళజోళ్ళ పిల్ల వచ్చింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. ఇరవై నాలుగేళ్ళుంటాయి. బజారులో కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వచ్చినవాళ్ళకు ఫ్రేములు పెట్టి చూపించడం, ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో సరిచేయడం. ఒకరోజు లెక్కల ట్యూషన్లు చెప్పే ఒకాయన వచ్చాడు. నలభైకి దగ్గర పడ్డ మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. ఆ పిల్ల ఒక ఫ్రేము పెట్టి చూసి, "మీ ముఖానికి ఇది బాగా నప్పిందండీ" అంది. రోజుకు నలభైమందితో అనే మాట. ఎద్దుకు పెట్టినా ఆ మాట అనాల్సిందే, అందుకే జీతం. ఆయన మాత్రం దాన్ని గుండెకు రాసుకున్నాడు.

మర్నాడు స్క్రూ వదులైందని వచ్చాడు. ఆ మర్నాడు మళ్ళీ వచ్చాడు. రోజూ తనే విప్పుకుని వచ్చేవాడు. దుకాణంలో తోటివాళ్ళు అతనికి స్క్రూల సారు అని పేరు పెట్టి నవ్వుకున్నారు. స్క్రూల సారు దుకాణం బయట నిలబడటం మొదలుపెట్టాక నవ్వు ఆగింది. బస్సులో వెనక సీటులో కనిపించాక, ఇంటి ఎదురు అరుగు మీద కనిపించాక, పిల్ల తల్లికి చెప్పింది.

"ఊరుకున్నంత ఉత్తమం లేదే. పట్టించుకోకు, వాడే పోతాడు" అంది తల్లి. పక్కింటావిడ నిప్పు లేనిదే పొగ రాదు కదా అంది. ఆవిడ పొయ్యిలో నిప్పు సంగతి ఎవరూ అడగలేదు.

తారీఖులమ్మ అలవాటు ప్రకారం "ఏ తారీఖున?" అని అడిగింది. ఈ పిల్ల బిక్కమొహం వేయలేదు. చేతిసంచిలోంచి బస్సు టికెట్ల కట్ట తీసింది. ఒక్కో టికెట్టు వెనక సన్నటి అక్షరాలతో గంట, చోటు రాసి ఉన్నాయి. తారీఖు టికెట్టు మీదే ఉంది.

తారీఖులమ్మ ఆ కట్టలో ఒక్కో టికెట్టూ తిప్పి చూసింది. ఇరవై రెండేళ్ళలో తను అడగకముందే రాసుకొచ్చిన పిల్ల ఇదొక్కతే. "నువ్వు నాకంటే ఘనురాలివే తల్లీ" అంది. ఆ మాట అనడం ఆమెకే కొత్త.

నాలుగు నెలల్లో పుస్తకం ఎనభై ఎనిమిది పేజీలు నిండింది. మధ్యలో పిల్ల బజారు దుకాణం మానేసి, ఊరి అవతల అద్దాలు అరగదీసే వర్క్‌షాపులో చేరింది. అక్కడ ఖాతాదారులు రారు, గోడ వెనక పని. తల్లి దగ్గర్నుంచి పిన్ని ఇంటికి మారింది. వాడు ఆరు వారాలు కనిపించలేదు. అయినా పుస్తకం ఆగలేదు. ఏదీ వదలొద్దని తారీఖులమ్మ చెప్పింది మరి. ఏ రోజు నుంచి పిన్ని ఇంట్లో ఉంటుందో, ఏడో నంబరు బస్సు ఎన్నింటికి ఎక్కుతుందో, పిన్ని ఇంటి వెనక తలుపు గడియ సరిగ్గా పడటంలేదని, కుర్చీ అడ్డం పెట్టి పడుకున్నానని, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసింది.

పుస్తకం పట్టుకుని ఇద్దరూ స్టేషనుకు వెళ్ళారు. ఎస్సై కొత్తవాడు, మర్యాదస్తుడు, కుర్చీలు వేయించాడు. నాలుగు పేజీలు తిప్పి నిట్టూర్చాడు. "చూడమ్మా, ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. కాస్త జాగ్రత్తగా ఉండాలి."

"ఆకు సంగతి ఆకుకు తెలుసు సార్. ముల్లు పేరు రాసుకోండి. అడ్రసు కూడా తెచ్చాం" అంది తారీఖులమ్మ.

ఎస్సైకి నవ్వొచ్చింది. ముద్ర వేశాడు. "ఆధారాలు ఇంత బాగుంటే కోర్టుకే వెళ్ళండి. దగ్గరికి రాకూడదని ఒక ఉత్తర్వు తెచ్చుకోండి. అప్పుడు వాడు వీధి చివర కనిపించినా నేను లోపలేస్తా" అన్నాడు. భారం దింపుకోవడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు. కానీ తారీఖులమ్మకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆకలి లేక కాదు, సంబరం. ఆమె పుస్తకాల్లో ఒక్కటైనా ఇంతవరకు స్టేషను గడప దాటి కోర్టు మెట్లెక్కలేదు.

కోర్టు గుమాస్తా పద్ధతి చెప్పాడు. "మూడు సెట్లు కావాలమ్మా. కోర్టుకొకటి, మీకొకటి, నోటీసుతో పాటు ఎదుటి పార్టీకొకటి. మీకు నేను చెప్పాలా."

నిజమే, చెప్పక్కర్లేదు. అద్దె తగాదాలకు, గోడ తగాదాలకు ఆమె వేలకొద్దీ మూడు సెట్లు కట్టింది. జెరాక్సు తీయించి, ప్రతి పేజీకి నంబరు వేసి, దబ్బనంతో అంచున మూడు బొక్కలు పొడిచి, తెల్లదారంతో కుట్టి, చివర తనదైన రెండు పేటల ముడి వేసింది. పిల్ల పక్కనే కూర్చుని పేజీలు అందించింది. ఒకసారి మాత్రం ఆగి, "అన్ని పేజీలూ పెట్టాలా ఆంటీ?" అని అడిగింది.

"అన్నీ పెడదాం. ఒక్కటి తీశామంటే ఏదో దాచామంటారు" అంది తారీఖులమ్మ.

మూడో సెట్టు కవరులో తనే పెట్టింది. కవరు మీద స్క్రూల సారు అడ్రసు తనే రాసింది. చేయి అలవాటైన పని చేస్తుంటే బుర్ర కునుకు తీస్తుంది. గోడ తగాదాలో ఎదుటి పార్టీకి గోడ ఎక్కడుందో తెలిసినా నష్టం లేదు. ఆ తేడా ఆమెకు తట్టలేదు. గుమాస్తాకు తట్టలేదు, పద్ధతి రాసిన మహానుభావులకూ తట్టలేదు. "ఇంత నీటుగా లాయర్లే పెట్టరమ్మా" అని గుమాస్తా మెచ్చుకుంటే తారీఖులమ్మ మురిసిపోయింది. తర్వాత ఆ మురిపెం గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించేది.

వాయిదాకు పది రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం, ఇస్త్రీ చొక్కా మనిషి ఒకాయన వచ్చి బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు. జేబులో ఎర్ర పెన్ను. ఆమె అతన్ని అంతకుముందు చూడలేదు. సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. అంచున తెల్లదారం, చివర రెండు పేటల ముడి. తన ముడి తనకు తెలియకుండా ఎలా ఉంటుంది.

"మేడం, ఒక అర్జీకి జవాబుగా కౌంటరు టైపు చేయాలి. కోర్టు దగ్గర మీరే బాగా చేస్తారని చెప్పారు" అన్నాడు. గొంతు మెత్తగా, పిల్లలకు లెక్క విడమరిచి చెబుతున్నట్టు ఉంది. "ఇది మీరే కుట్టారా? చాలా శ్రద్ధగా ఉంది."

అతను పేజీలు తిప్పాడు. ప్రతి పేజీలోనూ ఎర్ర సిరా. పరీక్ష కాగితాలు దిద్దినట్టు దిద్దాడు.

"కొన్ని తప్పులున్నాయి. ఇరవై మూడో పేజీలో నీలం చొక్కా అని రాసింది. బూడిద రంగది. ఇదిగో, పద్నాలుగో తారీఖున రాలేదని రాసింది. వచ్చాను మేడం. మందుల షాపులో నిలబడ్డాను. తనే చూసుకోలేదు. ఇవన్నీ సరిచేసి పెట్టాలి. కోర్టులో తప్పులుండకూడదు కదా."

"మీరు... వెంటపడ్డానని ఒప్పుకుంటున్నారా?"

"వెంటపడటమేంటి మేడం" అని అతను నొచ్చుకున్నాడు. "ఆరు వారాలు తనెక్కడుందో తెలీక పిచ్చివాణ్ణయిపోయాను. తనే ఇంత వివరంగా రాసి పంపింది. ఏ బస్సు, ఏ స్టాపు, ఎవరింట్లో. మీరే చెప్పండి, రోజూ నా గురించి ఎనభై ఎనిమిది పేజీలు రాసిందంటే, మనసులో ఏమీ లేకుండా ఎవరు రాస్తారు?"

తారీఖులమ్మ ఇరవై రెండేళ్ళుగా ఎంతమంది చేత రాయించింది. ఎంతమంది బల్లల మీద పెట్టింది. ఎస్సైలు నాలుగు పేజీలు తిప్పారు, రైటర్లు అట్ట చూశారు. ఆమె పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, అక్షరం వదలకుండా, ప్రేమగా చదివినవాడు ఇన్నాళ్ళకు ఒక్కడు దొరికాడు. వీడు. దొంగ చేతికి తాళాలిచ్చినవాళ్ళ గురించి విన్నది గానీ, ఏ తాళం ఏ గదిదో చీటీలు రాసి మరీ ఇచ్చిన మనిషిని ఆమె ఎన్నడూ వినలేదు.

"నేను టైపు చేయను. లేవండి" అంది.

"పర్వాలేదు. చేత్తో రాసుకుంటాను" అని అతను కట్ట జాగ్రత్తగా సంచీలో పెట్టుకుని, నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

ఆమె ఫోను చేస్తే పిల్ల ఎత్తలేదు. కంప్యూటరు కూడా ఆపకుండా ఏడో నంబరు బస్సెక్కింది. అద్దాల వర్క్‌షాపులో యంత్రాల చప్పుడు, తడిసిన గాజుపొడి, గోడ పొడవునా నీళ్ళ గొట్టాలు. పిల్ల ఒక మూల ఖాళీ పెట్టె మీద కూర్చుని ఉంది. పని చేయడం లేదు.

"పొద్దున వచ్చాడు ఆంటీ. పిన్ని ఇంటి గుమ్మంలోకే" అంది, తారీఖులమ్మ నోరు తెరవకముందే. "గట్టిగా ఏం అనలేదు. వెనక తలుపు గడియ పడట్లేదని రాశావుగా, బాగు చేయించుకో, నాకు దిగులుగా ఉంది అన్నాడు."

తారీఖులమ్మ ఆ పిల్ల ముందు తడినేల మీదే కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పిందో, ఇప్పుడు తనకు తను చెప్పుకోవడానికి ఆ మాట కూడా రాలేదు. "నా చేత్తోనే పెట్టానే కవర్లో. నువ్వు అడిగావు కూడా. అన్నీ పెట్టాలా అని అడిగావు."

పిల్ల తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీరు రాయమన్నారు, నేను రాశాను" అంది, అంతే. "పిన్ని ఇల్లు ఖాళీ చేయమంది. చిన్నపిల్లలున్న ఇల్లు కదా. తనదీ తప్పులేదు. అమ్మ ఇంటికి పోతే ఎదురు అరుగు మీద మళ్ళీ వాడే. ఇంకెక్కడికి పోను?" అంది.

తారీఖులమ్మ ఆ పిల్లను తన ఇంటికే తీసుకెళ్ళింది. నేరుగా కాదు. రెండు బస్సులు మారి, కూరగాయల బజారులో ముందు నుంచి దూరి వెనక నుంచి బయటపడి, మధ్యలో ఒక ఆసుపత్రి వరండాలో అరగంట కూర్చుని తీసుకెళ్ళింది. ఇంట్లో చెల్లెలు కొత్తమనిషి గొంతు విని వెనక గది తలుపు వేసుకుంది. కాసేపటికి తలుపు సందులోంచి చూసి, సంగతి విని, తలుపు తీసింది. అక్క ఆశ్చర్యపోయింది. పరాయి మనిషికి ఆ తలుపు తెరుచుకోవడం ఆమె చాలా ఏళ్ళుగా చూడలేదు.

గుమాస్తా దగ్గరికి వెళ్ళి ఆ కాగితాలు వెనక్కి తెప్పించమని అడిగితే, అతను తల పట్టుకున్నాడు. "చదివేసినదాన్ని వెనక్కి ఎలా తెప్పిస్తామమ్మా? వాయిదా రోజు అమ్మాయిని తీసుకొచ్చి మెజిస్ట్రేటు అయ్యగారికి చెప్పించండి."

పిల్ల రానంది. "అక్కడ్నుంచి నా వెనకే వస్తాడు ఆంటీ. ఇప్పుడు ఈ ఇల్లు ఒక్కటే వాడికి తెలీదు." ఈ పిల్లకు ఉత్తర్వు వస్తే మళ్ళీ వర్క్‌షాపుకు పోవచ్చు, బస్సెక్కవచ్చు, మనిషిలా తిరగవచ్చు. రాకపోతే ఈ గోడల మధ్యే. "నేను వెళ్ళి చెబుతాను, నువ్వు లేకపోయినా వాళ్ళు వినేట్టు చెబుతాను" అంది తారీఖులమ్మ.

వాయిదా రోజు స్క్రూల సారు అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఎర్ర సిరా కట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. కేసు పిలవగానే తారీఖులమ్మ లేచింది. ఇరవై రెండేళ్ళు గోడకు ఇవతల కూర్చున్న మనిషి, గోడకు అవతల నోరు విప్పడం అదే మొదటిసారి.

"మీరెవరు?" అన్నాడు మెజిస్ట్రేటు.

"టైపిస్టునండీ. ఆ అమ్మాయి భయపడి రాలేదు. మేమిచ్చిన కాగితాలు చదివి ఇతను ఆమె ఉన్నచోటికి వెళ్ళాడు."

ఆయన పుస్తకం తిరగేశాడు. మంచివాడే. "ఇంత పకడ్బందీగా రాసిన ఆధారం నేనీమధ్య చూడలేదమ్మా. కానీ ఫిర్యాదుదారు నా ముందుకు రావాలి, లేదా ఆమె ఇప్పుడు ఉంటున్న చోటు రికార్డుకెక్కాలి. అక్కడికి నోటీసు పంపి, ఇంకో వాయిదా వేస్తాను. ఎక్కడుంటోంది ఆమె?"

"రికార్డుకెక్కితే ఇతనికీ తెలుస్తుంది కదండీ."

"రెండు పక్షాలకూ ప్రతి వెళ్ళాలి. అది పద్ధతి."

స్క్రూల సారు ఒళ్ళోని కాగితాల మీద ఎర్ర పెన్ను మూత తీశాడు. రాసుకోవడానికి సిద్ధంగా ముందుకు వంగాడు. తారీఖులమ్మ ఆ పెన్ను ములుకు వంకే చూసింది. ఇంటి నంబరు, వీధి, మలుపు, అన్నీ ఆమె నాలుక చివర ఉన్నాయి. చోటు గడి ఖాళీగా వదిలినందుకు ఎంతమంది పిల్లల్ని కసిరిందో లెక్కలేదు.

"చెప్పండమ్మా. తెలుసా, తెలియదా?"

"తెలియదండీ" అంది.

ఫిర్యాదుదారు హాజరు కానందున, చిరునామా అందుబాటులో లేనందున అర్జీని కొట్టివేయడమైనదని రెండు వాక్యాల్లో అయిపోయింది. ఆ రెండు వాక్యాల మీదా తారీఖు ఉంది, సంతకం ఉంది, గుండ్రటి ముద్ర ఉంది. ఏదీ వదల్లేదు.

మెట్ల దగ్గర అతను వెనకే వచ్చాడు. "మేడం, మీరెటు వెళ్తారు? నేనూ అటేనేమో" అన్నాడు మెత్తగా. ఆమె తిన్నగా జెరాక్స్ దుకాణానికి వెళ్ళి బల్ల వెనక కూర్చుంది. అతను వీధికి అటువైపు నిలబడ్డాడు. సాయంత్రం అయ్యేదాకా నిలబడ్డాడు. ఆమె అలవాటుగా సొరుగు లాగి, కొత్త పుస్తకం తీసి, స్కేలు పెట్టి ఐదు గడులు గీసింది. తారీఖు వేసింది, గంట వేసింది. ఇది నిండాక మూడో సెట్టు ఎవరికి వెళుతుందో గుర్తొచ్చి మూసేసింది. దుకాణదారును బతిమాలి వెనక తలుపులోంచి బయటపడి, మూడు బస్సులు మారి, చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని ఇల్లు చేరింది. ఈ వయసులో ఈ బతుకేంటని ఏడుపొచ్చింది. ఏడుపుకు గడి లేదు.

వెనక గదిలో చెల్లెలు, పిల్ల చెరో పీట మీద కూర్చుని కాజాలు కుడుతున్నారు. పిల్ల చేయి అప్పుడే కుదురుకుంది. అద్దాలు పట్టిన చేయి కదా, సూది కూడా తొందరగానే పట్టుబడింది. గుమ్మంలో నిలబడ్డ తారీఖులమ్మ ముఖం చూసి, పిల్ల ఏమీ అడగకుండా మళ్ళీ సూదిలోకి చూసింది.

"కాస్త ఇటు జరుగమ్మా" అంది చెల్లెలు, తల ఎత్తకుండానే. "అక్కడ కూర్చుంటే కిటికీలోంచి వీధి కనిపిస్తుంది."

"కనిపిస్తే ఏమైందండీ?" అంది పిల్ల.

"వీధికి నువ్వూ కనిపిస్తావు."

పిల్ల ఒకసారి కిటికీలోంచి వీధిలోకి చూసింది. తర్వాత పీట జరుపుకుంది.